ఎండగది నీళ్లు

వరహాలుకు ఎండ కాస్తే ఒక భయం, మబ్బు పడితే ఇంకో భయం. "ఆడు బయపడకుండా ఉండేది నిద్దర్లోనే, అదీ గట్టిగా పడితే" అంటారు నీలాపుట్టుగలో. అందులో వెటకారం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. అయితే ఆ భయమే ఆయన్ని ముప్పై ఏళ్లు పోషించింది. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేవాడు. జీడిపిక్కల్ని ఆవిరి మీద ఉడికిస్తేనే గాని పెంకు ఒలవడానికి లొంగదు. ఆ ఆవిరి పుట్టించే బాయిలర్ పక్కన ఇంకొకరైతే బీడీ ముట్టించుకుని కబుర్లకు దిగుతారు. వరహాలు మాత్రం ఒత్తిడి చూపే ముల్లు మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. గొట్టం చప్పుడు కాస్త మారినా అన్నం ముద్ద వదిలేసి లేచేవాడు. ముప్పై ఏళ్లలో ఆ బాయిలర్ ఎవరి ఒంటినీ కాల్చలేదు. ఇలాంటి ఘనతకు ఎవరూ సన్మానం చేయరు. జరగని ప్రమాదం ఎవరికి కనపడుతుంది?

యాభై అయిదో ఏట ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాడు. భార్య సరోజినికి కిడ్నీలు చెడిపోయాయి. కవిటి చుట్టుపక్కల ఇది వింత కబురేమీ కాదు. ఫలానా ఇంట్లో ఎవరికీ లేదంటేనే వింత. కారణం నీళ్లో, ఎండో, మందులో, మరొకటో పెద్దపెద్ద డాక్టర్లే ఇంకా తేల్చలేదు. తేల్చేదాకా జనం ఊరుకోరు కదా. బోరు నీళ్లను అనుమానించారు. శుద్ధి చేసిన డబ్బా నీళ్లే తాగడం మొదలుపెట్టారు. దొరికినవాళ్లు తాగారు, దొరకనివాళ్లు బోరు నీళ్లు తాగుతూ దేవుడికి దండం పెట్టుకున్నారు.

సరోజినికి వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజు మొత్తం మీద ముప్పావు లీటరుకు మించి నీళ్లు తాగకూడదన్నారు. పొద్దున్నే ఒక సీసాలో ఆ ముప్పావు లీటరు కొలిచి పోసుకుని, సీసా మీద బొట్టుపెన్సిలుతో గీత గీసుకుని, సాయంత్రం దాకా దాన్ని సర్దుకునేది. ఎండాకాలంలో ఆమె సీసా వైపు చూసే చూపు వరహాలు చూడలేకపోయేవాడు.

ఊరికి వచ్చిన రెండో ఏడు వరహాలుకు ఎండగది ఉద్యోగం వచ్చింది. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంది గాని, ఎండతో చల్లబడే గది కాబట్టి ఊరివాళ్లు దాన్ని ఎండగది అన్నారు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఊరి చివర కట్టించారు. డాబా మీద వరసగా నల్లటి గాజు గొట్టాలు. ఎండకు వాటిలో నీళ్లు దాదాపు మరిగేంత వేడెక్కి తొట్టిలోకి దిగుతాయి. ఆ వేడితో కింద ఒక యంత్రం నడిచి పక్క గదిని చల్లబరుస్తుంది. కరెంటుతో పని లేదు. నీళ్లు తిప్పే చిన్న మోటారుకు కూడా సోలార్ పలకే ఆధారం. వేడి ఇచ్చి చలి పుచ్చుకోవడమేమిటని ఊళ్లో చాలామంది నమ్మలేదు. వరహాలుకు మాత్రం వెంటనే అర్థమైంది. "వేడి అంటే బలమే గదా. బలముంటే జీడిపిక్కలు ఉడకేత్తాం, బలముంటే సలి పుట్టిత్తాం" అన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు ఉదయశంకర్ ఆ మాటకే ముచ్చటపడి ఆయన్ని కాపలాకు పెట్టుకున్నాడు.

గదిలో ఒక పక్క పనసకాయలు, మల్లెపూలు, కూరగాయలు. ఇంకో పక్క ఒక బీరువా. అందులో కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి ఇచ్చే ఇంజక్షన్లు. వెనకటి తుపానులో కరెంటు రోజుల తరబడి పోయి, ఇళ్లలో ఫ్రిజ్‌లు చచ్చి, ఆ ఇంజక్షన్లన్నీ పాడైపోయాయి. అందుకే నర్సమ్మ సుచిత్ర పట్టుబట్టి ఆ బీరువా పెట్టించింది. రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల లోపు ఉంచాలి. ఎనిమిది దాటితే పారేయాల్సిందే. చూపుకు తేడా ఏమీ తెలియదట. ఒంట్లోకి పోయాక పని చేయదట. ఈ 'తెలియదు' అన్న మాట వరహాలుకు బాయిలర్ కన్నా ఎక్కువ భయం పుట్టించింది. బాయిలర్ కనీసం చప్పుడు చేస్తుంది.

ఇంత భయస్థుడు తప్పు చేశాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ చేశాడు. పైగా తెలిసి తెలిసి చేశాడు.

గదిలోంచి యంత్రం లాగిన వేడినీ, తను తాగిన వేడినీ ఎక్కడో వదిలించుకోవాలి. దానికోసం వెనక ఒక నీళ్ల గోపురం ఉంది. పైనుంచి నీళ్లు జల్లుగా పడుతూ ఆవిరైపోతూ ఆ వేడిని మోసుకుపోతాయి. ఎండ బాగా కాస్తే రోజుకు ఎనిమిది డబ్బాల నీళ్లు గాలిలో కలిసిపోయేవి. అవి శుద్ధి చేసిన నీళ్లే అయి ఉండాలని ఉదయశంకర్ గట్టిగా చెప్పి వెళ్లాడు. డబ్బాలు తెచ్చే ఢిల్లీబాబు రోజూ ఆటోలో ఎనిమిది డబ్బాలు దింపి వెళ్లేవాడు.

మాఘమాసంలో ఒకరోజు వరహాలు డబ్బాలు ఒక్కొక్కటే గోపురం తొట్టిలో వంచుతుంటే మహాలక్ష్మి అటుగా వచ్చి నిలబడింది. ఆమె కొడుకు లోకేష్‌కు ముప్పై నాలుగేళ్లు. డయాలసిస్ మొదలై ఏడాది.

"ఏటి తమ్ముడూ, తాగే నీల్లు దీనికి పోసేత్తన్నావేటి?" అంది.

"దీనికి ఇయ్యే పొయ్యాలప్పా. బోరు నీల్లు పడవు."

"దీనికి పడవు. మరి మాకు పడతాయేటి?" అంది మహాలక్ష్మి. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "నా కొడుక్కి ఎలాగూ ఒచ్చీసినాది. కోడలికీ, మనవరాలు గుంటకీ రాకుండా ఉంటే సాలు. ఆ గుంట బోరు నీల్లు తాగుతుంటే నాకు గొంతుకడ్డం పడతాది."

ఆ రోజు వరహాలుకు అన్నం సయించలేదు. మర్నాడు ఎనిమిది డబ్బాల్లో ఒకటి మహాలక్ష్మి గుమ్మంలో దింపాడు. వారం తిరిగేసరికి మరో ఇల్లు, ఆ పక్కిల్లు. రోగి ఉన్న ఇంటికి ఇచ్చి ఎదురింటి రోగికి ఇవ్వకపోతే ఎలా? నెల తిరిగేసరికి ఎనిమిది డబ్బాలూ ఎనిమిది ఇళ్లకు పోయేవి. గోపురంలోకి బోరు నీళ్లు పోయేవి. సంస్థవాళ్లే పంపుతున్నారనుకుని ఇళ్లవాళ్లు దండాలు పెట్టారు. వరహాలు ఆ దండాలు తీసుకోలేకా, కాదనలేకా తల వంచుకుని నడిచేవాడు.

బోరు నీళ్లు ఏం చేస్తాయో ఆయనకు తెలియక కాదు. ఫ్యాక్టరీలో దాన్ని స్కేల్ అంటారు. అన్నం గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చే అది. గొట్టం లోపల కట్టిందంటే వేడి దాటదు. కానీ బాయిలర్‌లో మరిగే నీళ్లకు కట్టినట్టు ఈ గోరువెచ్చటి నీళ్లకు కడుతుందా? కట్టినా ఏడాది పడుతుంది. వానాకాలంలో ఒకసారి శుభ్రంగా కడిగేస్తే సరి. ఇలా మనసుకు నచ్చజెప్పుకున్నాడు. నీళ్లు ఆవిరైపోతూ ఉప్పంతా వెనక మిగిల్చి పోతాయనీ, ఆ మిగిలింది రోజురోజుకూ చిక్కబడుతుందనీ లెక్క వేసుకోలేదు. వేసుకుంటే మహాలక్ష్మి గుమ్మం ముందు నుంచి నడవలేననుకున్నాడో ఏమో.

వైశాఖంలో గాలివాన వచ్చింది. తుపాను కాదు గాని తుపాను చెల్లెలు. ఒక్క సాయంత్రంలో కొబ్బరిచెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. స్తంభాలు వంగిపోయాయి. లైన్లు బాగయ్యేసరికి నాలుగైదు రోజులన్నారు. మర్నాడు సుచిత్ర స్కూటీ మీద ఊరూరా తిరిగి, ఇళ్లలోనూ చిన్న చిన్న ఆసుపత్రుల్లోనూ ఉన్న ఇంజక్షన్లన్నీ పోగు చేసి ఎండగదికి తెచ్చింది. ఏడు ఊళ్లవి, నూట అరవై నాలుగు. బీరువా నిండిపోయి కింద పెట్టెల్లో కూడా సర్దారు.

"మావయ్యా, ఈ గది లేకపోతే ఏమయ్యేదో" అంది. ఆమెది టెక్కలి. మాట పట్నం మాట, మనసు మాత్రం ఊళ్లో అందరికీ కూతురి మనసే. "మళ్లీ స్టాక్ రావడానికి పదిహేను రోజులు పడుతుంది. వీళ్లలో సగం మందికి రక్తం ఏడు కూడా లేదు. మీరున్నారని ధైర్యంగా ఉంది" అంది.

ఆ పెట్టెల్లో సరోజినివీ నాలుగున్నాయి.

ఆ మర్నాటి పొద్దున్న వాన కడిగిన ఆకాశంలో ఎండ నిప్పులు చెరిగింది. ఏడు గంటలకు గది నాలుగు డిగ్రీలు ఉంది. వరహాలు డాబా ఎక్కి గాజు గొట్టాలు తుడిచాడు. ఎండ మండేకొద్దీ గది చల్లబడాలి, అదే దాని ధర్మం. తొమ్మిదికి నాలుగున్నర అయింది. ఆయన అంకె వైపు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పది గంటలకు అయిదు దాటింది. వేడినీళ్ల తొట్టిలో నీళ్లు తొంభై డిగ్రీలు. బలానికి కొదవ లేదు. అయినా గది వేడెక్కుతోంది.

యంత్రం వెనక్కి వెళ్లి నీళ్ల గొట్టం మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. గోరువెచ్చగా ఉండాల్సిన చోట చెయ్యి ఆనడం లేదు. గొట్టానికి చెవి పెట్టాడు. నీళ్ల చప్పుడు సన్నగా, ఈలలా వస్తోంది. ముప్పై ఏళ్లలో ఆ చప్పుడు ఆయన రెండే రెండుసార్లు విన్నాడు, అదీ పక్క ఫ్యాక్టరీల బాయిలర్లలో. గొట్టాలు పూడిపోతున్నాయి. తన చేతులతో తనే పూడ్చాడు.

అప్పుడే సుచిత్రకు కబురు పెట్టి ఉంటే సగం గండం గట్టెక్కేది. పెట్టలేదు. భయస్థులకు ఒక జబ్బుంది. జరగబోయేదానికి అందరికన్నా ముందు భయపడతారు, జరిగిపోయినదాన్ని అందరికన్నా ఎక్కువసేపు దాస్తారు. వరహాలు బోరు చేతిపంపు కొట్టి బిందెలు నింపి గోపురంలో కుమ్మరించాడు. చల్లటి నీళ్లు పడగానే అంకె కాసేపు ఆగింది. ప్రాణం లేచి వచ్చింది. మరో బిందె, మరో బిందె. పావుగంటకల్లా అంకె మళ్లీ కదిలింది. పోసిన ప్రతి బిందెడూ పెచ్చు మీద మరో పొర అని తెలిసి కూడా చేతులు ఆగలేదు.

పన్నెండింటికి సుచిత్ర రిజిస్టరు పట్టుకుని వచ్చింది. అంకె చూసి ఆగిపోయింది.

"ఆరు పాయింట్ మూడేంటి మావయ్యా? పొద్దున్న నాలుగు కదా?"

"నిన్న సర్దినప్పుడు తలుపు సేనాసేపు తీసినాం గదమ్మా. ఆ వేడి ఇంకా పోనేదు" అన్నాడు వరహాలు. నాలుక మీద నుంచి ఆ మాట ఎంత సులువుగా జారిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"అంతేనా? నేనింకా ఏదో అనుకున్నాను" అని సుచిత్ర ఊపిరి పీల్చుకుంది. నమ్మేసింది. 'తలుపు తెరిచినందువల్ల' అని రిజిస్టరులో రాసి, గంటలో వస్తానని వీధిలోకి వెళ్లింది. ఆమె రాసిన అక్షరాల వైపు చూస్తూ నిలబడ్డాడు వరహాలు. తిడితే బాగుండేదనిపించింది.

సరోజిని అన్నం గిన్నె తెచ్చింది. నాలుగడుగులకోసారి ఆగుతూ, ఒక చేత్తో గిన్నె, చంకలో తన నీళ్ల సీసాతో వచ్చింది. మొగుడి చొక్కా తడిసి ముద్దయి ఉంది. బిందె బోరు గట్టు మీద దొర్లుతోంది.

"ఏటయినాది మావా?" అంది.

"ఏటీ నేదు. నువ్వెల్లు. ఎండగున్నాది."

"నలబై ఏల్లు నీ మొకం సూసినాను. ఒట్టి బయం మొకం నాకు తెలుసు. ఇది అది కాదు. సెప్పు."

చెప్పాడు. గోడకు ఆనుకుని కూలబడి, మాఘమాసం నుంచి మొదలుపెట్టి, మహాలక్ష్మి మాట, ఎనిమిది ఇళ్లు, బోరు నీళ్లు, సుచిత్రకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది. సరోజిని గిన్నె కింద పెట్టింది.

"దానం సేసినావు. బాగున్నాది" అంది. "నీ నీల్లు అయితే దానం. ఆ గదిలో ఉన్న నూరుమంది పేనాలు కూడా కలిపి దానం సేసీడానికి నువ్వెవుడివి?"

"తప్పే."

"తప్పని నాకు సెప్తే ఏటి లాబం? సెప్పాల్సినోల్లకి సెప్పు. ఆ ఇంజినీరు బాబుకి ఫోను సెయ్. నర్సమ్మని నాను పిలుసుకొత్తాను."

కరెంటు లేక ఊళ్లో ఫోన్లు మూగబోయాయి. డాబా మీద, తూర్పు మూల నిలబడితే మాత్రం ఎక్కడిదో ఒక గీత సిగ్నలు అందుతోంది. వరహాలు వేడెక్కిన గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉదయశంకర్‌తో మాట్లాడాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"వరహాలు గారూ, నన్ను అడిగి ఉంటే నేనే ఇంకో ఎనిమిది డబ్బాలు ఏర్పాటు చేసేవాణ్ని కదా" అన్నాడు ఉదయశంకర్. అడగవచ్చన్న సంగతే వరహాలుకు ఇన్నాళ్లూ తట్టలేదు. ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి పైవాళ్లు చెబితే వినడమే తెలుసు, అడగడం ఎవరూ నేర్పలేదు. "సరే, వినండి. యంత్రం ఆపండి. ఆపితే పైన గొట్టాల్లో నీళ్లు మరిగి అవి పగిలిపోతాయి, వాటిని ఎండ తగలకుండా కప్పండి. వేడి నీళ్లలో నిమ్మఉప్పు కలిపి లోపల తిప్పండి, పెచ్చు ఊడుతుంది. తర్వాత అంతా వదిలేసి మంచి నీళ్లు నింపండి. మూడు వందల లీటర్లు. గుర్తు దాకా నిండకపోతే మోటారు నీళ్లు లాగదు. బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు. గది తలుపు తీయకండి. ఇదంతా మూడు గంటల్లోపు అయితే మందులు దక్కుతాయి."

మూడు వందల లీటర్లంటే పదిహేను డబ్బాలు. కరెంటు లేక నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు మూతపడి రెండు రోజులైంది.

కిందికి దిగేసరికి సుచిత్ర నిలబడి ఉంది. సరోజిని అంతా చెప్పేసినట్టుంది. ఆ పిల్ల ముఖం తెల్లబోయి ఉంది.

"నన్ను నమ్మించారు మావయ్యా" అంది. ఆమె దగ్గర రెండు మందు పెట్టెలు ఉన్నాయి, చల్లగా ఉంచేవి, ఒక్కోదానిలో ముప్పై ఇంజక్షన్లు పడతాయి. కానీ వాటిలో పెట్టే మంచు సంచులు కూడా గదిలోనే ఉన్నాయి. తలుపు తీస్తే అర డిగ్రీ పెరుగుతుంది, ఆ తర్వాత మూడు గంటలు గది ఎనిమిది లోపు నిలవదు. "అరవై కాపాడాలంటే మిగతా నూటనాలుగూ ముందే పోగొట్టుకోవాలి. ఎవరివి తీయమంటారు, మీరే చెప్పండి" అంది. ఆమె తలుపు తీయలేదు.

పని మొదలైంది. ఢిల్లీబాబు నిమ్మఉప్పు కోసం కవిటి వైపు ఆటో ఉరికించాడు. గాలివానకు రాలిన కొబ్బరి కమ్మలు ఊరంతా పడి ఉన్నాయి. పది మంది వాటిని డాబా మీదికి చేరవేసి గాజు గొట్టాల మీద వరసలుగా పరిచారు. చెట్లు పోయాయని రెండు రోజులుగా ఏడుస్తున్న జనం, ఆ చెట్ల కమ్మలతోనే ఎండకు అడ్డం పెట్టారు. వరహాలు యంత్రం ఆపాడు. ఈల ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అంకె ఆరు పాయింట్ తొమ్మిది అయింది.

ఢిల్లీబాబు రెండు దుకాణాల్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చాడు. నిమ్మఉప్పు కలిపిన వేడి నీళ్లు లోపల తిరిగాయి. కింద గొట్టం విప్పితే మొదట బురద, తర్వాత తెల్లటి పెచ్చులు కొబ్బరి ముక్కల్లా టపటపా రాలాయి. వరహాలు వాటిని దోసిట్లో పట్టుకుని చూశాడు. నాలుగు నెలల్లో ఇంత.

పెచ్చులు ఊడుతుండగానే నీళ్ల కోసం బయలుదేరాడు. ఇచ్చిన గుమ్మాల్లోనే అడగాలి. కరెంటు వచ్చేదాకా ఆ ఇళ్లలో తాగడానికి ఉన్నవి ఆ నీళ్లే. మొదట మహాలక్ష్మి ఇంటికే వెళ్లాడు. ఇంకో ఇంటికి ముందు వెళితే ఇక్కడికి రాలేనని తెలుసు.

మహాలక్ష్మి చివరిదాకా విన్నది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయితే అయి మిసను నీల్లా? మాకని రానేదా?"

"నేదప్పా. నానే ఇచ్చినాను."

"ఇచ్చీటప్పుడు మమ్మల్ని అడిగినావేటి? అడిగుంటే ఒద్దందును. నా కొడుకు ఇంజక్సను ఆ గదిలో ఉన్నాదని తెలిసి, దాని నోటికాడ నీల్లు నానెందుకు లాక్కుంతాను? నన్ను దొంగని సేసినావు తమ్ముడూ." ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకటి తన చేత్తోనే దొర్లించి వీధిలో పెట్టింది. "రెండోది ఇవ్వను. ఆ గుంటకి ఉంచుకుంతాను. ఏటనుకుంటావో అనుకో."

వరహాలు ఏమీ అనుకోలేదు. మిగిలిన ఏడు గుమ్మాలూ ఎక్కాడు. ఒకరు తిట్టి ఇచ్చారు, ఒకరు మాట్లాడకుండా ఇచ్చారు, ఒకరు సగం ఒంపుకుని సగం ఇచ్చారు. సుచిత్ర తన గదిలో ఉన్నవి తెచ్చింది. ఢిల్లీబాబు ఆటోలో అడుగున ఒకటి దొరికింది. ఆటోలో ఎండగదికి చేరేసరికి మూడు దాటింది. అంకె ఏడు పాయింట్ ఆరు.

ఒక్కో డబ్బా వంచుతుంటే అందరూ లెక్కపెట్టారు. పద్నాలుగుతో ఆగిపోయింది. గోపురం తొట్టి లోపల ఎర్ర గుర్తుకు నీళ్లు ఇంకా జానెడు కింద ఉన్నాయి. వరహాలు మోటారు వేసి చూశాడు. గాలి పీల్చి దగ్గింది గాని నీళ్లు లాగలేదు. ఏడు పాయింట్ ఏడు.

"బోరు నీళ్లు ఒక్క డబ్బా పోసేద్దామా మావా? ఒక్కటే గదా" అన్నాడు ఢిల్లీబాబు.

"ఒద్దు" అని అరిచాడు వరహాలు. ఆ 'ఒక్కటే' తోనే తను మొదలుపెట్టాడు. "మల్లీ తిరుగుతాను. ఎవరో ఒకలు ఇత్తారు." కానీ కాళ్లు కదలలేదు. తిరగాల్సిన ఇల్లు ఏదో ఆయనకు తెలుసు.

అప్పటిదాకా గోడ నీడన కూర్చున్న సరోజిని లేచింది.

"ఊరందరి గుమ్మాలూ ఎక్కినావు. మన గుమ్మం ఎక్కనేదేటి?" అంది.

వరహాలు ఖాళీ డబ్బాలను గోడవారకు సర్దసాగాడు.

"మనింట్లో డబ్బా ఉన్నాది. మూత కూడా తియ్యనేదు. నీకు తెలుసు."

"అది నీది సరోజీ. నీ కోసం ఉంచిందది. దాన్ని నాను…"

"రోజుకి ముప్పావు లీటరు కొలుసుకు తాగేదాన్ని నాను. ఆ డబ్బా నాకు ఇంచుమించు నెల. దీనికి ఒక పూట. నా నెల దీనికిచ్చేత్తే ఏడూర్లోల్లకి పదైదు రోజులు బతుకు. ఏది పెద్దదో లెక్క రాదా నీకు? ఢిల్లీబాబూ, ఎల్లి తే నాయినా. వొంటింట్లో బిందెలెట్టే గడమంచీ పక్కన."

డబ్బా వచ్చింది. దాన్ని మాత్రం సరోజిని ఎవరినీ వంచనివ్వలేదు. శక్తి లేకపోయినా ఒక చెయ్యి వేసింది. ఇంకో చెయ్యి వరహాలుది. నీళ్లు ఎర్ర గుర్తును తాకాయి. మోటారు ఒకసారి దగ్గి, అందుకుంది. డాబా మీద జనం కొబ్బరి కమ్మలు లాగేశారు. వేడినీళ్ల తొట్టిలో వేడి ఇంకా అలాగే ఉంది. యంత్రం కదిలింది. వరహాలు గొట్టానికి చెవి పెట్టాడు. ఈల లేదు. చెయ్యి వేశాడు. ఆనింది.

అంకె మాత్రం ఏడు పాయింట్ ఎనిమిదికి వెళ్లింది. తర్వాత ఏడు పాయింట్ తొమ్మిదికి. సుచిత్ర పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటోంది. మహాలక్ష్మి ఎప్పుడు వచ్చిందో, రెండో డబ్బా పక్కన పెట్టుకుని గుంపు వెనక నిలబడి ఉంది. ఏడు పాయింట్ తొమ్మిది దగ్గర అంకె చాలాసేపు కదలకుండా నిలబడింది.

ఏడు పాయింట్ ఎనిమిది అయింది.

సుచిత్ర గబుక్కున రిజిస్టరు తెరిచింది. పొద్దున్న రాసిన మాట కొట్టేసి, పెన్ను ఆయన చేతికిచ్చింది. "మీరే రాయండి మావయ్యా" అంది. వరహాలు వంకర అక్షరాలతో 'బోరు నీళ్లు పోసినందువల్ల. పోసినది వరహాలు' అని రాసి సంతకం పెట్టాడు.

అంకె ఏడున్నరకు దిగేదాకా వరహాలు అక్కడి నుంచి కదలలేదు. అప్పుడు గాని ఆయనకు రేపటి సంగతి గుర్తుకు రాలేదు. ఎనిమిది ఇళ్లలో తాగే నీళ్లు అడుగంటాయి. ప్లాంటు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మళ్లీ ముఖం మాడ్చుకుని సరోజిని పక్కన చతికిలబడ్డాడు.

"రేపు ఆలందరూ ఏ నీల్లు తాగుతారే?" అన్నాడు.

"రేపటి బయం రేపు పడుదువు గాని" అంది సరోజిని. "పొద్దుట్నించి గుక్కెడు తాగినావేటి నువ్వు?"

తాగలేదు. చేతులు తడవడమే గాని నోరు తడపలేదు. ఆమె చంకలోంచి తన సీసా తీసింది. గీత కింద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు మిగిలి ఉన్నాయి. సాయంత్రానికి దాచుకున్నవి.

"ఒద్దు. అది నీ కొలత."

"నా కొలతలోంచి నానిత్తన్నాను. తాగు."

వరహాలు సీసా అందుకున్నాడు. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో బొటనవేలితో గుర్తు పెట్టుకుని, ఒక్క గుక్క తాగి, మూత బిగించి ఆమెకు ఇచ్చేశాడు.